కాటిసుంకము: కాశీ డోము కుటుంబముల చరిత్ర

హరిశ్చంద్ర నాటకమాడని తెలుగు పల్లె యొకనాడు అరుదు. కాటి ఘట్టము వచ్చువేళకు నిద్రించు పిల్లలను తల్లులు తట్టి లేపెడివారు. రాజు కష్టమునకు కన్నీరు విడువనివారు లేరు. ఐనను, ఆ రాజును కొనిన వీరబాహుని గూర్చి తలపోసినవారు మనలో నెందరు? వాని వృత్తి యెట్టిది? దాని రాబడి యేమి? వాని వంశీయులమని చెప్పుకొనువారు నేటికిని కాశిలో ఆ వృత్తినే చేయుచున్నారు. తరతరములుగా నొక్క కులమువారి కుటుంబములు నడపుచున్న ఈ అంత్యక్రియల వృత్తి చరిత్రను మన గ్రంథాలయ రజతోత్సవ సంచిక చదువరులకు మనవి చేయుటయే నా యుద్దేశము.

హరిశ్చంద్రుని పేరు మిక్కిలి ప్రాచీనము. ఐతరేయ బ్రాహ్మణమున శునశ్శేపుని వృత్తాంతములో ఆతడు కలడు గాని, అందు శ్మశానము లేదు. ఆలుబిడ్డల నమ్మి, తాను చండాలునకు అమ్ముడుపోయి, కాశీ శ్మశానమున కాపున్న కథ మార్కండేయ పురాణములోనిది. కాటి రాబడి పంపకమును సైత మందు చెప్పిరి. ఆరు పాళ్లలో నొక పాలు రాజునకు, మూడు పాళ్లు యజమానికి, రెండు పాళ్లు కాపరికి జీతము. లెక్క సరిగా సరిపోయినది! పదునైదవ శతాబ్దమున గౌరన ఈ కథను ద్విపదగా రచించెను. తరువాత బలిజేపల్లి లక్ష్మీకాంతకవి నాటకముతో నిది పల్లెపల్లెకును చేరెను. అందలి కాటి ఘట్టమున జాషువ మహాకవి శ్మశాన పద్యములు పాడుట వాడుకయైనది. మన కావ్యములలో వీరబాహుడని పిలువబడువానిని కాశీ జనులు కల్లూ డోమ్ అందురు. ఇది ఐతిహ్యమే గాని శాసనప్రమాణము కాదు. వృత్తి మాత్రము ప్రత్యక్షము.

కాశిలో దహనమునకు ప్రసిద్ధమైన ఘట్టములు రెండు: మణికర్ణిక, హరిశ్చంద్ర. రెండవది తెలుగువారికి చిరపరిచితము. దానికి చేరువనే విజయనగర ప్రభువుల పేరిట నొక ఘట్టము, ఆపై కేదార ఘట్టము కలవు. కాశీవాసమునకు పోయి అచ్చటనే కాలము చేసిన మన పెద్దలెందరో ఈ డోముల చేతి నిప్పుతోనే భస్మమైరి.

అచ్చటి పద్ధతి యిది. శవమును గంగలో ముంచి గట్టున నుంచుదురు. కట్టెలు పడవలపై వచ్చును. వర్తకులు వానిని తూచి అమ్ముదురు. ఆ వర్తకులు వేరు, డోములు వేరు. నిప్పు మాత్రము డోముల యొద్దనే గైకొనవలయును. మణికర్ణికలో వారు కాపాడు అగ్ని ఎన్నడు నారనిదని ప్రసిద్ధి. కర్త శక్తికొలది బేరమాడి, సుంకము చెల్లించి, గడ్డికట్టకు నిప్పు తగిలించుకొని, ప్రదక్షిణము చేసి చితి నంటించును. పిదప గంటల తరబడి సెగలో నిలిచి, కట్టెలు త్రోసి, దేహము పూర్తిగా దహనమగునట్లు చూచువాడు డోము. కర్త తుదకు కడవెడు గంగనీటిని భుజము మీదుగా విడిచి, వెనుకకు చూడక పోవును. వెనుక నిలుచువాడు డోమే.

ఈ వృత్తికి హక్కులున్నవి, వంతులున్నవి. మనము చెరువు నీటికి వంతులు వేసికొనునట్లే వారును దినములను పంచుకొందురు. వంతు దినమున వచ్చు సుంకము ఆ యింటివారిది. తండ్రి వంతు కొడుకులకు పంచబడును. సంతానము పెరిగిన కొలది వంతు సన్నగిలును. వంతును తాకట్టు పెట్టుటయు, అమ్ముటయు కలదు. కావున డోములందరును ధనికులని తలచుట పొరపాటు. చితి వద్ద కాలు కాల్చుకొనువారిలో వంతులేని కూలివారే పెక్కురు.

వారిలో పెద్దను డోమ్ రాజు అందురు. గంగ గట్టున పులిబొమ్మలు నిలిపిన ఆతని యిల్లు యాత్రికులందరు నెరిగినదే. బిరుదు రాజు, బ్రతుకు మాత్రము అంటరానిది. మోక్షమునకు వారి నిప్పు కావలయును గాని, వారి చేతి నీరు పనికిరాదనిరి! 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసెను; 1955లో దానిని శిక్షార్హ నేరముగా నిర్ణయించు చట్టము వచ్చెను. 2020లో మరణించిన డోమ్ రాజు జగదీశ్ చౌధరికి 2021లో పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడెను. ఆ 2021 వేసవిలోనే కోవిడ్ మహమ్మారి విజృంభించినది. దేశమంతట కన్నబిడ్డలే శవము దరిచేరుటకు జంకిన ఆ దినములలో రేయింబవళ్లు చితులు పేర్చినవారు కాటికాపరులే.

1986లో ఆరంభమైన గంగా శుద్ధి పథకము క్రింద హరిశ్చంద్ర ఘట్టమున విద్యుత్ దహనశాల వెలసినది. కట్టె పోవచ్చును, యంత్రము రావచ్చును. శవము నందుకొను చేయి యొకటి ఎన్నటికిని కావలసియే యుండును.

హరిశ్చంద్రుడు కన్నకొడుకు శవమునకును సుంకము విడువలేదు. అది కాఠిన్యము కాదు; ఆ సొమ్ము తనది కాదు, యజమానిది. శ్రమకు రావలసిన కూలి నెగవేయరాదనుటయే అందలి సత్యము. మన పల్లెలలో గోయి త్రవ్వినవారిచేత, డప్పు కొట్టినవారిచేత పెక్కు తరములు వెట్టిగా పని చేయించుకొంటిమి. నాటకము చూచి రాజు కొరకు ఏడ్చినవారమే, తెల్లవారిన పిమ్మట కాపరికి కూలి ఎగవేసితిమి. ఆ పద్దు మన పుస్తకమున ఇంకను బాకీగానే యున్నది. కూలి సకాలమున చెల్లించుట, పేరు పెట్టి గౌరవముగా పిలుచుట, వారి బిడ్డలను ఈ గ్రంథాలయపు బల్లపై మన బిడ్డల సరసన కూర్చుండబెట్టుట — ఈ మూడింటితో నైన ఆ బాకీ కొంత తీరును. అంతిమ దినమున మనమందరము చేరవలసినది వారి చేతులలోనికే గదా!