తెలుగు అపరాధ పరిశోధక నవలల జాడ

మహాకావ్యములను భద్రపఱచువారు ఎల్లకాలమును కలరు. కాలక్షేపమునకై చదివిన పుస్తకములను భద్రపఱచువారు మాత్రము అరుదు. తెలుగున అపరాధ పరిశోధక నవలలకు పట్టిన గతియే ఇందులకు తార్కాణము.

ఈ శాఖకు వంగదేశపు ఋణము గలదు. బంగాళీ రచయిత పాంచకడీ దేవు నవలలు తెలుగులోనికి వచ్చి పాఠకుల నాకర్షించినవి. దేవరాజు వేంకటకృష్ణారావు వ్రాసిన ‘వాడే వీడు’ తొలినాళ్ళ తెలుగు నవలలలో పేరెన్నిక గన్నది. తరువాతి తరమున కొమ్మూరి సాంబశివరావు (1926–1994) సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు చదువరులకు ఆత్మీయులైరి. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యము’ను రచించిన ఆరుద్ర (1925–1998) సైతము ‘పలకల వెండిగ్లాసు’ వంటి పరిశోధక నవలలను వ్రాసెను. కావున ఈ శాఖను చిన్నచూపు చూడ తగదు.

ఇంతగా చదువబడిన పుస్తకములు నేడు దొరకకుండుటకు కారణము ఆ చదువుటయే. చౌక కాగితముపై అచ్చై, అద్దె దుకాణములలో చేతులు మాఱి, అవి నలిగిపోయినవి. మొదట ఊడునవి అట్టయు, చివరి పుటయు. హంతకుడెవరో తెలుపు పుట అదియే కదా! పెక్కింటిపై ముద్రణ సంవత్సరమైనను లేదు. 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టము ప్రచురణకర్తలు కలకత్తా జాతీయ గ్రంథాలయము మున్నగువానికి ప్రతులు పంపవలెనని శాసించినను, అందఱును పంపలేదు.

వెదకువారికి కొన్ని మార్గములు గలవు. పాత నవలల అట్టవెనుక ప్రచురణకర్త వేసిన పట్టిక ఇతర నవలల పేర్లను తెలుపును. 1918లో స్థాపితమైన వేటపాలెము సారస్వత నికేతనము, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయము చూడదగినవి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకమున స్కాన్ చేయబడిన తెలుగు గ్రంథములు అనేకము ఇంటర్నెట్ ఆర్కైవులో లభించును. పేరును రెండు మూడు విధముల వ్రాసి వెదకవలెను.

అయినను గ్రంథాలయములు చేర్చుకొనని పుస్తకము ఇండ్లలోనే మిగులును. 1931లో రాయపూరు–విజయనగరము రైలుమార్గము పూర్తియైనది. సెలవులకు స్వస్థలమునకు పోయి బిలాసపురమునకు మరలు తెలుగు ఉద్యోగికి ప్రయాణమున తోడైనది ఇట్టి నవలయే. అట్టివి దయాల్‌బంద్ ఇండ్లలోను, రైల్వే క్వార్టర్లలోను, ట్రంకు పెట్టెల అడుగున నేటికిని ఉండవచ్చును.

కనుక సభ్యులకు మనవి. పాత పుస్తకములను తూకమునకు అమ్ముటకు ముందు ఒక్కమాఱు తెఱచి చూడుడు. పేరు, రచయిత, ప్రచురణకర్త, వెల, పుటల సంఖ్య వ్రాసికొనుడు. రచయిత మరణించిన 60 ఏండ్ల వఱకు గ్రంథస్వామ్యము ఉండును గాన, అనుమతి లేనిదే బహిరంగముగ ప్రచురింపరాదు. పుస్తకమును భద్రపఱచుటకు ఎవరి అనుమతియు అక్కఱలేదు. మఱియొకచోట పుట చిరిగిన నవలకు ముగింపు మన పెట్టెలోనే దొరకవచ్చును.