కొత్త డ్రైవర్ వెనక్కిపోయిన కథ

గేమ్ ఆగి ఆగి నడిస్తే చాలు, మన పిల్లలు కొత్త డ్రైవర్ ఎక్కించేస్తారు. రైల్వేలో పనిచేసిన మాకు కొత్తదంటే కాస్త భయమే.

2010 మార్చిలో ఎన్విడియా 196.75 అనే డ్రైవర్ వదిలింది. ఫ్యాను వేగం డ్రైవర్ చేతిలో కూడా ఉంటుంది కదా, అది సరిగ్గా తిరగక కొందరి కార్డులు వేడెక్కాయి. గేమ్ కంపెనీ బ్లిజార్డ్ కూడా ఆటగాళ్ళను హెచ్చరించింది. చివరికి ఎన్విడియాయే దాన్ని వెనక్కి తీసుకుని, పాత 196.21కే వెళ్ళమంది.

అందుకే కొత్త గేమ్‌కో, భద్రతకో అవసరమైతేనే మార్చమంటాం. ముందు కంపెనీ సైటు నుంచి ఫైలు దించుకోండి. నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌తో పాతది తుడిచి, మళ్ళీ మామూలుగా ఆన్ చేసి కొత్తది ఎక్కించండి. నెట్ ఉంటే ఆ సందులో విండోస్ తనకు తోచిన డ్రైవర్ పెట్టేస్తుంది.