నురుగులో మిగిలిన మలినము

చర్మమునకు బాధ కలిగింపరాదని ప్రత్యేకముగా కల్పింపబడిన పదార్థమే చర్మబాధకు హేతువగుట, ఆ హేతువు పేరు సీసాపై ముద్రించిన పట్టికలో ఎక్కడను కానరాకుండుట, దానిని వెదకి పట్టుటకు వైద్యులకు పదేండ్లకు పైగా పట్టుట — ఇవన్నియు ఇరువదవ శతాబ్దపు చివరి పాదమున ఐరోపా, అమెరికా చర్మవైద్యశాలలలో జరిగిన సంగతులు. అయినను నేడు విజయవాడలోగాని వరంగల్లులోగాని ఏ యింటి స్నానపుగది తలుపు తీసినను ఆ సీసా మన కంటబడుచునే యున్నది గనుక, ఈ చరిత్ర మనము తెలిసికొనదగినదే.

కొవ్వును క్షారముతో ఉడికించి సబ్బు చేయుట ప్రాచీనవిద్య. ఆ సబ్బునందలి క్షారగుణము మురికితోపాటు చర్మమునందలి సహజస్నిగ్ధతను కూడ హరించును. కంట బడినచో మంట పుట్టించును. ఉప్పునీటిలో నురుగు విఱిగి తెట్టెగట్టి వెండ్రుకలకు అంటుకొనును. మన దేశమున తలంటికి కుంకుళ్ళును శీకాయయు ఉండెను గాని, కుంకుడురసము కంటిలో పడి గగ్గోలు పెట్టని తెలుగుబిడ్డ ఉండెనని చెప్పలేము. 1903లో బెర్లిను నగరమున హాన్స్ ష్వార్జ్‌కోఫ్ అను మందుల వర్తకుడు తల రుద్దుకొను పొడిని పొట్లములు గట్టి అమ్మెను. సబ్బునకు బదులు కృత్రిమక్షాళకములతో చేసిన షాంపూ, డ్రీన్ అను పేర, 1934లో అమెరికా విపణికి వచ్చెను. ఈ కృత్రిమక్షాళకములలో ప్రబలమైనవి సల్ఫేటులు. అవి ఉప్పునీటిలోను నురుగునిచ్చును గాని, మురికిని వదలించుటలో ఎంత సమర్థములో చర్మమును ఎండగట్టుటలోను అంత సమర్థములు. కనుక కన్నులను మండింపని, పసిపాప తలకును హితమైన క్షాళకము కొఱకు రసాయనజ్ఞులు అన్వేషించిరి. ధనావేశమును ఋణావేశమును ఒకే అణువున గల ఉభయధర్మక్షాళకములు ఆ పనికి తగినవని తేలెను. 1950ల నడుమ జాన్సన్ సంస్థ శిశువుల షాంపూ ఇట్టి క్షాళకములతోనే ప్రసిద్ధి గాంచెను. తరువాతి దశాబ్దములలో ఆ కోవకు చెందిన కోకమిడోప్రొపైల్ బిటైన్ అను పదార్థము షాంపూలలోను, ద్రవరూపమైన చేతిసబ్బులలోను, ముఖము కడుగుకొను ద్రవములలోను చేరి, సౌమ్యమని పేరు పెట్టుకొన్న ప్రతి సీసాకును దాదాపు అనివార్యమైపోయెను.

ఈ బిటైన్ పుట్టుక కొబ్బరినూనెనుండి. నూనెలోని కొవ్వుటామ్లములను — అందు సుమారు సగము లారిక్ ఆమ్లము — డైమిథైల్ అమినో ప్రొపైల్ అమీన్ అను ఘాటైన వాసనగల ద్రవముతో కలిపి వేడిచేయుదురు. ఆమ్లమంతయు చర్యలో పాల్గొనవలెనని ఈ అమీనును కొంత అధికముగానే వేసి, మిగిలినదానిని తరువాత ఆవిరిగా లాగివేయుదురు. ఇట్లు ఏర్పడిన మధ్యపదార్థమునకు అమిడో అమీన్ అని పేరు. దానిని సోడియం మోనోక్లోరో అసిటేట్‌తో నీటిలో చర్య జరిపింపగా, మూడుపాళ్ళలో సుమారు రెండు పాళ్ళు నీరే గల లేతపసుపువన్నె ద్రావణముగా బిటైన్ సిద్ధమగును. కాగితముపై వ్రాసిన సమీకరణమున ఎడమవైపు పదార్థములన్నియు కుడివైపునకు చేరిపోవును. కర్మాగారపు పాత్రలో అట్లు జరుగదు. మొదటి మెట్టున వేసిన అమీను కొంచెము, రెండవ మెట్టుకు పోవలసిన అమిడో అమీను కొంచెము చర్యనొందకయే మిగిలిపోవును. శుద్ధిక్రియ యెంత శ్రద్ధగా జరిగినదను దానినిబట్టి ఆ మిగులు అధికమో స్వల్పమో అగుచుండును. మన కథ అంతయు ఆ మిగులును గుఱించినదే.

క్షాళకము నిర్దోషియై, దానిలోని మలినము దోషియగుట వైద్యలోకమునకు అపూర్వమేమియు కాదు. 1966లో నార్వే దేశమున గిన్నెలు తోముకొను ద్రవము వాడిన పలువురికి చేతులపై ఎగ్జిమా పుట్టెను. ఆ ద్రవమునందు లారిల్ ఈథర్ సల్ఫేట్ ఉండుటచే తొలుత దానినే శంకించిరి. కాని ఆ సల్ఫేటునే ఇతరత్ర వాడుచున్నవారికి ఏ హానియు లేకుండెను. సంవత్సరముల పరిశోధన జరిగిన పిమ్మట, 1970లలో, అసలు కారణము బయటపడెను: సరుకును తెల్లబఱచుటకు హైపోక్లోరైటు ప్రయోగించిన తరి, ఆమ్లగుణము మిక్కుటమైనప్పుడు, సల్టోనులు అను లేశమాత్రపదార్థములు అందు ఏర్పడినవి, చర్మమును రెచ్చగొట్టినవి అవియే. ఆ పద్ధతిని మార్చుకొనినంతనే బాధ తొలగెను. ఈ పాఠమును ఆనాడే పరిశ్రమ యంతయు గ్రహించియుండినచో బిటైన్ విషయమున ఇంత కాలహరణము జరిగియుండెడిది కాదని నా నమ్మకము.

1983లో బెల్జియం వైద్యులు షాంపూనందలి కొబ్బరిబిటైన్‌వలన కలిగిన చర్మవ్యాధిని ప్రకటించిరి. అటుపిమ్మట అట్టి వార్తలు ఒక్కొక్కటిగా అనేకదేశములనుండి వచ్చినవి. రోగులలో తఱచుగా ఇద్దఱు కానవచ్చుచుండిరి: రోజంతయు పరుల తలలు కడుగుచు చేతులు పగిలిన క్షురకవృత్తివారు ఒకరు, కనుఱెప్పలు వాచి, మెడయు చెవివెనుకభాగమును ఎఱ్ఱనై దురదపెట్టుచుండ, ఏ కాటుకయో ఏ క్రీమో కారణమని తలంచి వానిని మానివేసియు గుణము కానని స్త్రీలు మఱియొకరు. తలపై పోసికొన్న షాంపూ నీటితో జారి కనుఱెప్పలమీదుగా పోవుననియు, ఱెప్పల చర్మము దేహమంతటను మిక్కిలి పలుచనిదనియు స్మరించినచో ఇందు ఆశ్చర్యము లేదు. విషాదకరమైన సంగతి ఏమనగా, దురద మొదలైన పిదప వీరిలో పలువురు మఱింత సౌమ్యమైన షాంపూకు మారిరి. అనగా బిటైన్ మఱింత అధికముగా గల సీసాను కొనిరి.

దోషిని నిర్ణయించుటకు వైద్యుని చేతనున్న ప్రధానసాధనము ప్యాచ్ పరీక్ష. దీనిని 1895లో బ్రెస్లావ్ నగరపు వైద్యుడు యోసెఫ్ యాడసోన్ లోకమునకు తెలియజేసెను; పాదరసపు లేపనము పడని రోగి చర్మముపై ఆ లేపనమునే చిన్నతావున పెట్టి, అక్కడ మాత్రమే వ్యాధి పుట్టుటను ఆయన చూపెను. నేటికిని పద్ధతి అదియే. ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పుగల అల్యూమినియపు గిన్నెలు వరుసగా అతికిన పట్టీని రోగి వీపునకు అంటింతురు. ఒక్కొక్క గిన్నెలో ఒక్కొక్క శంకితపదార్థము, మిక్కిలి పలుచన చేసి — బిటైన్ అయినచో నీటిలో నూటికి ఒకటి — ఉంచుదురు. రెండు దినములు వీపు తడుపరాదు, చెమట పట్టరాదు; మన వేసవిలో ఈ నియమమును పాటించుట రోగికి పరీక్షయే. తరువాత పట్టీ తీసి చూచి, మఱి రెండు దినములకు మరల చూతురు. ఆ రెండవచూపు ముఖ్యము. కేవలము ఒఱపిడివలన కలిగిన ఎఱ్ఱదనము అప్పటికి వెలవెలబోవును. నిజమైన అలర్జీ అయినచో ఆ వృత్తము మఱింత ఎఱ్ఱనై, గట్టిపడి, చిన్న నీటిపొక్కులతో నిండును. దేహము తన జ్ఞాపకమున నుంచుకొన్న శత్రువును గుర్తించి సైనికకణములను ఆ తావునకు పంపుటకు దినములు పట్టును గనుక ఈ ఆలస్యము. షాంపూ వాడిన నాడు కాక రెండవనాడో మూడవనాడో దురద కలుగుటయు, అందుచేత రోగికి షాంపూపై అనుమానమే కలుగకుండుటయు దీనివలననే.

బిటైన్ గిన్నె క్రింద చర్మము ఎఱ్ఱబాఱుట వైద్యులు చూచుచుండిరి. అయితే అది బిటైన్ అణువు చేసిన పనియా, దానితో వచ్చినదాని పనియా? 1995లో ఇటలీలోని బారి విశ్వవిద్యాలయమున జియాన్ని ఆంజెలీని బృందము బిటైన్ పడని రోగులకు దాని తయారీపదార్థములను వేఱువేఱుగా పరీక్షించి, వారు డైమిథైల్ అమినో ప్రొపైల్ అమీనునకు స్పందించుటను చూపెను. అమెరికాలో కెంటకీ రాష్ట్రపు లూయీవిల్ నగరమున జోసెఫ్ ఫౌలర్ 1997లో అమిడో అమీనును వేలెత్తి చూపెను. ఏది ముఖ్యదోషియను వాదము చాలకాలము నడచినది. అమిడో అమీను చర్మమున విడివడి తిరిగి ఆ అమీనునే ఈయవచ్చునను అభిప్రాయమును వెలువడినది. బాగుగా శుద్ధిచేసిన బిటైన్ ఆ రోగులలో చాలమందికి హాని చేయకుండుట మాత్రము ఇరుపక్షములకును సమ్మతమైన సంగతి. 2004లో అమెరికా స్పర్శచర్మరోగ వైద్యసంఘము కోకమిడోప్రొపైల్ బిటైన్‌ను ఆ సంవత్సరపు అలర్జీకారకముగా ప్రకటించి వైద్యులందఱి దృష్టిని దానివైపు మరల్చెను. పరిశ్రమ ధనముతో అమెరికాలో నడచు నిపుణమండలి, 1991లో చర్మముపై నిలిచియుండు లేపనములందు ఈ బిటైన్ నూటికి మూడుపాళ్ళు మించరాదని చెప్పినదే, 2012లో తన మాట మార్చి, అలర్జీ పుట్టింపని విధమున తయారుచేసినప్పుడే ఇది సురక్షితమని వ్రాసెను. అనగా పరిమాణముకన్న శుద్ధికే ప్రాధాన్యము కలిగినది. ఇది సరియైన మార్పే.

కాని సీసామీది పట్టిక మారలేదు. అమెరికాలో 1977నుండి ఘటకముల పేర్లు ముద్రించుట విధియైనను, ముడిసరుకుతో అనుకొనక వచ్చి, ఫలించిన వస్తువున ఏ పనియు చేయని లేశములకు ఆ విధి వర్తింపదు. ఐరోపావారి 2009 నాటి నిబంధనావళియు మలినమును ఘటకముగా పరిగణింపదు. మన దేశమునను సీసాలపై ఘటకముల పేర్లు ఉన్నవి గాని మిగులుల పేర్లు లేవు. ఒకే పేరుగల బిటైన్ ఒక కర్మాగారమున శుద్ధముగా, మఱియొక కర్మాగారమున అశుద్ధముగా రావచ్చును. చదువరికి రెంటికిని భేదము తెలియు మార్గమే లేదు. ఇందుచేతనే ఒక షాంపూ పడని రోగికి అదే ఘటకము గల మఱియొకటి పడుచుండును, పడునని నమ్మినది ఒకానొకనాడు పడకపోవుచుండును. ఇది న్యాయము కాదు. కొనువాడు తన చర్మముతో ప్రయోగము చేయవలసిన పని లేకుండ, మిగులు అమీనునకు గరిష్ఠపరిమితి విధించి, ఆ పరిమితిని పాటించితిమని సీసాపై చెప్పించుట ప్రభుత్వములకు అసాధ్యమైన కార్యము కాదు.

ఇచట రెండు భ్రమలను తొలగింపవలసియున్నది. కోనసీమ కొబ్బరినూనెకు ఈ దోషముతో సంబంధము లేదు. పేరులో కొబ్బరి యున్నదని నూనె మానివేసినవారు నిష్కారణముగా మానినవారే. రెండవది, ప్రకృతిసిద్ధమని, కొబ్బరినుండి తీసినదని అట్టపై వ్రాసినంత మాత్రాన సీసా నిరపాయమని తలంపరాదు. ఈ బిటైన్ పైననే ఆ మాటలు ఎక్కువగా వ్రాయబడుచున్నవి. సౌమ్యత ఒక గుణము, శుద్ధి మఱియొక గుణము. మొదటిదానిని ప్రకటించువారు రెండవదానిని ప్రకటించుట లేదు.

1983లో కడలూరున పుట్టిన చిక్ వంటి పొట్లములవలన షాంపూ దక్షిణదేశపు పల్లెలకును చేరినది, మంచిదే. కాని చర్మవైద్యుడు పల్లెకు అంత త్వరగా చేరలేదు. కనుఱెప్ప దురదపెట్టిన స్త్రీ మందులషాపునకు పోయి, చీటి లేకయే స్టిరాయిడు కలిసిన ట్యూబు తెచ్చుకొని నెలల తరబడి రాయుచున్నది. దానితో ఎఱ్ఱదనము దాగును, చర్మము పలుచబడును, కారణము మాత్రము ప్రతి తలంటికిని తిరిగి వచ్చును. కనుఱెప్పలపైగాని, మెడపైగాని, చేతులపైగాని వారములు గడచినను తగ్గని దురద ఉన్నవారు ఆ ట్యూబును పక్కనబెట్టి, తాము వాడు షాంపూ, సబ్బు, ముఖము కడుగు ద్రవము సీసాలన్నింటిని సంచిలో వేసికొని చర్మవైద్యునివద్దకు పోయి, ప్యాచ్ పరీక్ష చేయుమని అడుగవలెను. బిటైన్ ఒక్కదానికే కాక ఆ రెండు మిగులులకును పరీక్ష చేయుమని కూడ అడుగవలెను.