అసలైన అసీల్
మాంసం కొట్టు బోర్డు మీద ‘ఒరిజినల్ అసీల్ నాటుకోడి’ అని చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. నాటుకోడి అంటే నాడుకు చెందినది, ఊళ్ళో పెరట్లో తిరిగేది. ఏ పెట్టకు ఏ పుంజు జతపడిందో ఎవరూ లెక్క పెట్టరు. అసీల్ అలా కాదు. అరబ్బీలో ‘అస్ల్’ అంటే వేరు, మూలం. దాన్నుంచి పుట్టిన ‘అసీల్’ అంటే వంశశుద్ధి కలది. అరబ్బులు మేలుజాతి గుర్రాన్నీ ఈ మాటతోనే పిలుస్తారు. ఆ ‘అస్లే’ పారసీ, ఉర్దూల మీదుగా వచ్చి మనకు ‘అసలు’ అయింది: వడ్డీకి ఎదుట అసలు, నకలుకు ఎదుట అసలు. కాబట్టి ‘ఒరిజినల్ అసీల్’లో ఒకే అర్థం రెండుసార్లు ఉంది. ఇంతకన్నా నన్ను బాధించేది, పుంజుల్లో డేగనూ కాకినీ సేతువనూ వేర్వేరు జాతులనడం. అవి ఈకల రంగుల పేర్లు: డేగ ఎరుపు, కాకి నలుపు, సేతువ తెలుపు. 1981లో అసీల్‌ను తమ ప్రమాణ గ్రంథంలో చేర్చుకున్న అమెరికా కోళ్ళ సంఘం పోటీల్లోనూ జాతిని తేల్చేది ఒడ్డూపొడుగే. నిటారు నిలకడ, పొట్టి గట్టి ముక్కు, తలకు అంటుకుపోయిన చిన్న జుట్టు, ఒంటికి బిగిసిన పొట్టి ఈకలు, వాటి సందున ఎర్రగా కనిపించే రొమ్ము ఎముక మీది చర్మం. ఇవన్నీ ఒక్క పుంజులో ఉంటే చాలదు, పిల్లల్లోనూ తప్పకుండా దిగాలి. సంకరపు పుంజు చూపుకు ఎంత ముచ్చటగా ఉన్నా దాని పిల్లలు తలో తీరుగా తేలతాయి. వాటిని అసీల్ అనకూడదు.