తొరపణము

బెజ్జము వేయుట చిన్న పనిగా దోచును. కాని బెజ్జము లేనిదే చీల పట్టదు, గట్టికొయ్యలో మేకు దిగదు, పూస దారమున కెక్కదు. ఈ పనికి మన వడ్రంగులు వాడిన సాధనమునకు తొరపణమని తెలుగు పేరు. బరమా యను మాట హిందూస్థానీనుండి వచ్చినది. అమరకోశము శూద్రవర్గమున దీనిని ఆస్ఫోటని, వేధనిక యని పేర్కొనినది. కోశమునకు పేరు చాలును. త్రిప్పు విధము మాత్రము పనివాని చేతిలోనే యుండిపోయినది.

ఆ విధము గ్రహించుట కష్టము గాదు. యజ్ఞమున నగ్ని మథించునపుడు చాత్రమను కడ్డీకి నేత్రమను త్రాడు చుట్టి, పైన ఓవిలితో నదిమిపట్టి, త్రాటిని ఇటునటు లాగుదురు. మన యిండ్లలో త్రాటితో త్రిప్పు కవ్వపు పొందికయు నట్టిదే. ఆ త్రాటి రెండు కొనలను ఒక కర్రకు గట్టినచో విల్లగును. అప్పు డొకచేయి విల్లు నాడించును, వేరొకచేయి పైపిడిని నదుమును; రెండవ మనిషితో బనిలేదు. ఒక మనిషి శ్రమను మిగిల్చిన యీ యుపాయము సామాన్యమైనది గాదు.

దీని ప్రాచీనతయు గొప్పది. బలూచిస్థానమందలి మెహర్‌గఢ్‌లో 7,500 ఏండ్లకు బూర్వమే, రాతిమొనతో మనుష్యుల దంతములను దొలిచిరని 2006లో పరిశోధకులు ప్రకటించిరి. మన చల్లపల్లికి కృష్ణ కావలియొడ్డున నున్న భట్టిప్రోలు స్తూపమున 1892లో అలెగ్జాండరు రీ త్రవ్వించినపుడు ధాతుపేటికలతో ముత్యములు, పూసలు బయల్పడినవి. పేటికలమీది యక్షరములను జదివి మనము గర్వింతుము. పూసను దొలిచినవానిని మాత్రము తలపము.

పాత పనిముట్టు కంటబడినపుడు మొదట మొనను జూడవలెను. విల్లుతో నాడునది కుడికి నెడమకు మారిమారి తిరుగును గనుక, దాని మొన బల్లెమువలె చదునై యిరువైపుల పదునుగలదై యుండును. కడ్డీ నడుమ త్రాటి యొరపిడిచే నునుపైన గాడి కానవచ్చును. వంకపిడితో నొకే దిక్కునకు దిరుగునది వేరుజాతి. అది 1430 ప్రాంతపు ఫ్లాండర్సు చిత్రములలో వడ్రంగి చేత గానవచ్చుచున్నది. మెలికల యుక్కుమొన యున్నచో నది యింకను నవీనము. అమెరికాలో స్టీఫెన్ మోర్సు దానికి 1863లో హక్కుపత్రము బొందెను.

నేడు విద్యుచ్ఛక్తితో దిరుగు యంత్రములు పల్లెలకును వచ్చినవి. వడ్రంగి శ్రమ తగ్గుట మేలే. దానికి విచారింప బనిలేదు. విచారింపదగినది వేరొకటి కలదు. మన దేశమున జిరకాలము వ్రాయనేర్చినవాడు పనిముట్టు పట్టలేదు, పనిముట్టు పట్టినవానికి వ్రాత దక్కలేదు. కులభేద మీ రెంటి నడుమ గోడయై నిలిచినది. అందుచే రాజుల వంశావళులు మిగిలినవి గాని, పనివారి విద్య వారితోనే గతించుచున్నది.

ఆ గోడను గూల్చుటకు బెద్ద సభలు గావలెనా? చూరున జెక్కిన తొరపణమును పాతయినుమునకు దూచి యమ్మకముందు, ఊరి వృద్ధ వడ్రంగిని బిలిచి, గౌరవముతో గూర్చుండబెట్టి, దాని యంగముల పేర్లడిగి, మన పిల్లలచే వ్రాయింపుదము. విల్లు నొకమారు వారి చేతికిచ్చి యాడింపనిండు. బెజ్జము పడులోపల, చేతిపనిలో నెంత బుద్ధి యిమిడియున్నదో వారికే తెలియును.