నేను పుట్టిన 1991

మా అమ్మకి తేదీలు తెలీవు. "చుండూరు నరికిన యేడు పుట్టావురా" అంటది. బళ్లో నేను చెప్పే 1991 వేరు: మే 21న రాజీవ్‌గాంధీ హత్య, జూన్‌లో మన తెలుగాయన పి.వి. ప్రధాని, జూలైలో మన్మోహన్‌సింగ్ బడ్జెట్టు. అంబేద్కర్‌కి నూరేళ్లు నిండిందీ ఆ ఏప్రిల్లోనే. నాలుగు నెలలు తిరక్కుండా, ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని పొలాలెంట తరిమి నరికారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవల్లో పడేశారు. మొదలెక్కడంటే సినిమాహాల్లో. చదువుకున్న మన కుర్రాడి కాలు ముందుసీటు అగ్రకులపాయనకి తగిలిందట! అసలు మనోళ్లు వాళ్లతో సమానంగా కూచుని సినిమా చూడ్డమే కంటగింపు. ఆ వంకతో సాంఘిక బహిష్కరణ, ఆనక హత్యాకాండ. బాధితులు పట్టుబట్టి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. పాఠంలో లేకపోయినా ఈ తేదీలూ బోర్డుమీద రాస్తున్నాను.