నోటికి వచ్చినవాళ్ళకి నోట్సు అక్కర్లేదు: బ్రౌన్ దొర కథ

ఈ వారం ఎపిసోడ్‌లో సొంతంగా నోట్సు రాసి దాచుకునే పద్ధతుల గురించి మాట్లాడుకున్నాం. ఫోన్‌లో రెండు మూడు యాప్‌లు, మనకి మనమే పంపుకున్న మెయిళ్ళు, అమ్మ చెప్పిన గోంగూర పచ్చడి కొలతలు ఏదో వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో. అన్నీ ఎక్కడో ఉన్నాయి, కావలసినప్పుడు మాత్రం ఒక్కటీ దొరకదు. "అంత కష్టపడి ఒక పద్ధతి ఎందుకు కట్టుకోవాలి?" అన్న ప్రశ్నకి జవాబుగా నేను చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పేరు చెప్పాను. టైము చాలక అక్కడ వదిలేసిన కథ ఇది.

బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. 1817లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు చేరి, వెలగపూడి కోదండరామ పంతులు గారి దగ్గర తెలుగు మొదలుపెట్టాడు. 1820లో కడపకి వేశారు. పుస్తకాల్లో తెలుగు ఎలా ఉంటుందో తెలుసుకోవాలన్న కోరిక మాత్రం ఇంకో నాలుగేళ్ళకి పుట్టింది. అదీ తమాషాగా. 1824లో అబ్బే దుబ్వా అనే ఫ్రెంచి మిషనరీ రాసిన పుస్తకం చదువుతుంటే అందులో వేమన పేరు కనపడింది. చుట్టూ ఉన్న జనం నోట్లో రోజూ నానుతున్న కవి ఆయనకి ఒక పరదేశి పుస్తకంలో దొరికాడన్నమాట.

వేమన పద్యాల కోసం వెతకడం మొదలుపెట్టాడు. అచ్చు పుస్తకం లేదు. చేతిరాత ప్రతులు చాలానే దొరికాయి కానీ ఏ రెండూ ఒకలా లేవు. ఒకదాంట్లో ఉన్న పద్యం ఇంకోదాంట్లో లేదు. ఉన్నా మాటలు వేరు, వరస వేరు. మరి ఏది నమ్మాలి?

ఇక్కడే ఆయన పద్ధతి మొదలైంది. కడపలో ఒక బంగళా కొని, అందులో పండితులనీ లేఖకులనీ పెట్టుకున్నాడు. వాళ్ళ జీతాలు తన జేబులోంచే ఇచ్చాడు. అవి చాలక అప్పులు కూడా చేశాడు. ఒక కావ్యం చేపడితే ముందు దొరికినన్ని ప్రతులు తెప్పించేవాడు. తర్వాత లేఖకుడితో ఒక ప్రతి శుభ్రంగా రాయించి, ప్రతి పద్యానికీ ఒక అంకె వేయించి, మధ్యలో బాగా ఖాళీ వదిలించేవాడు. మిగతా ప్రతుల్లో తేడాగా ఉన్న మాటలన్నీ ఆ ఖాళీల్లోకి ఎక్కేవి. ఆ తర్వాత పండితులు కూర్చుని ఏ పాఠం సరైనదో వాదించేవారు. బ్రౌన్ కోర్టు పని తెలిసిన మనిషి కాబట్టి, దావాలో సాక్ష్యాలు తూచినట్టే వీటినీ తూచేవాడు.

నన్ను పట్టుకున్నది ఆ అంకె. వేళ్ళ మీద లెక్కపెట్టుకునే మామూలు అంకె, దానికింత గొప్పేమిటి అనిపించవచ్చు. పండితుడికి అది అక్కర్లేదు. మనుచరిత్ర ఆయనకి నోటికి వచ్చు. ఏ ఆశ్వాసంలో ఏ పద్యమో అడిగితే కళ్ళు మూసుకుని అందుకుంటారు. బ్రౌన్‌కి నోటికి రాదు. చిన్నప్పుడు ఎవరూ ఒళ్ళో కూర్చోబెట్టుకుని వల్లె వేయించలేదు. ఈ రోజు చదివింది వచ్చే నెల మళ్ళీ దొరకాలంటే ఆయనకి ఒక చిరునామా కావాలి. ఆ అంకే ఆ చిరునామా.

ఆ చిరునామాలు తర్వాత ఎంత పనికొచ్చాయో చూడాలంటే 1852లో వచ్చిన ఆయన తెలుగు నిఘంటువు తెరవండి. చాలా మాటల పక్కన ఏ కావ్యంలో, ఏ ఆశ్వాసంలో, ఎన్నో పద్యంలో ఆ మాట వాడారో పొడి అక్షరాల్లో కనపడుతుంది. పాతికేళ్ళ కిందట మొదలైన పని ఇక్కడికొచ్చి చేరింది. 1854లో మిశ్రభాషా నిఘంటువు కూడా వేశాడు. కచేరీల్లో, బజారులో తెలుగులోకి వచ్చి కలిసిపోయిన పరభాషా మాటలకి అది చోటిచ్చింది. సగం ఇంగ్లీషుతో తెలుగు మాట్లాడే మన ఇళ్ళకి అలాంటి పుస్తకం ఎవరు రాస్తారో!

వేమన మాటకొస్తే, 1829లో 693 పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయ్యాయి. 1839 నాటికి అవి 1,164 అయ్యాయి. వాటిని నీతి, మతం, వ్యంగ్యం అంటూ విభాగాలు చేసింది బ్రౌనే. వేమన అలా విడదీసి చెప్పలేదు. ఏ పద్ధతి కట్టినా కట్టినవాడి చూపు అందులో మిగిలిపోతుంది. ఈ సంగతి మన ఫోల్డర్లకీ వర్తిస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. దీన్ని ఒక్క మనిషి నోట్సు అనడం అన్యాయం. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య వంటి పండితులు లేకపోతే ఆ ఖాళీలు ఖాళీగానే ఉండేవి. పుస్తకాల అట్టల మీద మాత్రం బ్రౌన్ ఒక్కడి పేరే కనపడుతుంది. పైగా ఆయన కంపెనీ అధికారి. దొర అడిగితే ప్రతులు బయటికి రావడం, మామూలు మనిషి అడిగితే రావడం ఒకటి కాదు.

పోగేసినదాన్ని బ్రౌన్ తన దగ్గర దాచుకోలేదు. మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశాడు. ఆ సేకరణ ఇప్పుడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఉంది. 1855లో ఇంగ్లండు తిరిగి వెళ్ళి, తర్వాత లండన్ యూనివర్సిటీలో తెలుగు ప్రొఫెసర్‌గా చేశాడు. 1884 డిసెంబరులో లండన్‌లోనే పోయాడు. సమాధి కెన్సల్ గ్రీన్‌లో ఉంది. 1903లో ఆయన నిఘంటువుని సవరించి మళ్ళీ వేసినవాళ్ళలో కందుకూరి వీరేశలింగం గారు ఒకరు. ఇప్పుడు అదే నిఘంటువులో ఫోన్‌లోంచి మాటలు వెతుక్కుంటున్నాం.

"ఎందుకు కట్టుకోవాలి?" అన్నదానికి నాకు దొరికిన జవాబు ఇదే. తెలిసినవాళ్ళకి నోట్సు అక్కర్లేదు. అమ్మకి పచ్చడి కొలతలు రాసుకునే పని లేదు, అవి ఆవిడ చేతిలో ఉన్నాయి. దేశం కాని దేశంలో ఉన్న మనం బ్రౌన్ పక్కన కూర్చున్నవాళ్ళం. మన పిల్లలు ఇంకాస్త దూరంగా కూర్చున్నారు. పండితుడు పోతే నోటికి వచ్చినదంతా ఆయనతోనే పోతుంది. అడగడానికి మనిషి ఉన్నప్పుడే అడిగి, ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాసి, మళ్ళీ దొరికేలా ఒక అంకె వేసుకోవాలి.

మొన్న ఆదివారం ఫోన్ చేసి అడిగాను. మిరపకాయలు చారెడు అంది అమ్మ. "ఎవరి చారెడు?" అంటే నవ్వింది. మా ఇద్దరి చారెళ్ళూ రాసుకున్నాను, పక్కన ఖాళీ వదిలి.